హైవే మీద ఆగిన బండిని లాగేటప్పుడు ప్రాణం కాపాడుకోవడం ఎలా

ఫోన్ మోగుతుంది. "అన్నా, చిల్లకల్లు దాటాక కారు ఆగిపోయింది. పిల్లలున్నారు, త్వరగా రండి" అంటారు. ఆ గొంతులోని టెన్షన్ మనకూ అంటుకుంటుంది. వెంటనే తాళాలు తీసుకుని బయలుదేరాలనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగండి. రికవరీ పనిలో జాగ్రత్త ఈ ఫోన్ దగ్గరే మొదలవుతుంది.

విజయవాడ, సూర్యాపేట మధ్య 65వ నంబరు హైవే మీద బండ్లు లాగే పనిలో చాలా ఏళ్ళు ఉన్నాను. నేను చూసినంతలో మనవాళ్ళకు చెడిపోయిన బండి వల్ల తగిలిన దెబ్బలు తక్కువ. వెనక నుంచి వచ్చిన లారీ, తెగిన వైర్ రోప్, తల పైన కరెంటు తీగ, జారి వెనక్కొచ్చిన చక్రం, వీటి వల్లే ఎక్కువ. చూపంతా ఆగిపోయిన బండి మీదే ఉంటుంది కాబట్టి ఇవి కనపడవు. అందుకే కొత్తగా చేరిన హెల్పర్‌కి నేను మొదట నేర్పేది హుక్ తగిలించడం గురించి కాదు. బండి దగ్గరికి చేరాక అయిదు నిమిషాలు దాని మీద చెయ్యి వేయకుండా చుట్టూ చూడమంటాను. ఈ కింద రాసేదంతా దాదాపు ఆ అయిదు నిమిషాల్లో ఏం చూడాలనే దాని గురించే.

ఫోన్‌లో అడగాల్సినవి

ఏ బండి? పెట్రోలా, డీజిలా, సీఎన్‌జీనా, ఎలక్ట్రిక్‌దా? ఆటోమేటిక్ గేరా? రోడ్డుకు ఏ పక్కన ఆగింది, డివైడర్ వైపా, మార్జిన్ వైపా? మలుపులో ఉందా, ఫ్లైఓవర్ దిగేచోట ఉందా? చక్రాలు తిరుగుతున్నాయా? దెబ్బ తగిలినవాళ్ళు ఉన్నారా? ఉంటే ముందు 108కి చేయమనండి, మన సంగతి తర్వాత.

ఆ తర్వాత మీరు చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. అది చెప్పకుండా ఫోన్ పెట్టేయకండి. "హజార్డ్ లైట్లు వేయండి. అందరూ ట్రాఫిక్ లేని పక్క తలుపుల నుంచి దిగి, రెయిలింగ్ అవతలికి వెళ్ళండి. బండిలో కూర్చోవద్దు, బండికి ముందూ వెనకా నిలబడొద్దు." ఎండగా ఉందనో వాన పడుతోందనో కుటుంబమంతా కార్లోనే కూర్చుంటుంది. వెనక నుంచి లారీ వచ్చి గుద్దితే ఆ కారు వాళ్ళను కాపాడలేదు. జాతీయ రహదారి అయితే 1033కి కూడా చేయమనండి. ఆ నంబరు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. హైవే పెట్రోలింగ్ బండి మనకంటే ముందే వచ్చి వెనక నిలబడితే సగం ప్రమాదం తప్పినట్టే.

వెనక నుంచి వచ్చే లారీ

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. డ్రైవర్ నిద్రమత్తులో ఉండి రెండు సెకన్లు ఆలస్యంగా చూశాడనుకోండి, బ్రేక్ మీద కాలు పడేలోపే 44 మీటర్లు అయిపోతాయి. లోడుతో ఉన్న లారీ ఆగడానికి అంతకంటే ఎక్కువ దూరమే కావాలి. కాబట్టి బండికి పది అడుగుల వెనక పెట్టిన హెచ్చరిక త్రికోణం వల్ల ఏ ఉపయోగమూ లేదు. హైవే మీద మొదటి హెచ్చరిక కనీసం 150, వీలైతే 200 మీటర్ల వెనక ఉండాలి. మలుపు ఉంటే మలుపుకు ముందు, ఫ్లైఓవర్ అయితే ఎక్కేచోటే పెట్టండి. దిగేచోట పెడితే డ్రైవర్‌కి చివరి క్షణం దాకా కనపడదు.

పెట్టడానికి వెళ్ళేటప్పుడు మార్జిన్‌కి బాగా పక్కగా, రెయిలింగ్ ఉంటే దాని అవతల నుంచి, ఎదురొచ్చే బండ్లను చూస్తూ నడవండి. త్రికోణాన్ని మీ ముందు పట్టుకోండి. కోన్లను దూరం నుంచి ఏటవాలుగా పెడుతూ, లేన్‌ను కొద్దికొద్దిగా మూసుకుంటూ రండి. రిఫ్లెక్టర్ జాకెట్ మన రికవరీ వ్యాన్ దిగకముందే వేసుకోవాలి. దిగి సీటు వెనక వెతుక్కునే ఆ ముప్పై సెకన్లలో మీరు చీకట్లో ఉన్న మనిషి.

మన రోడ్ల మీద ఒక అలవాటు ఉంది. బండి ఆగితే వెనక రాళ్ళు, చెట్టుకొమ్మలు పెడతారు. పని అయ్యాక వాటిని అక్కడే వదిలేసి వెళ్ళిపోతారు. ఆ రాత్రి ఆ రాయి మీదికి ఎక్కేది మోటార్ సైకిల్ మీద ఇంటికి వెళ్ళే ఎవరో ఒక మనిషి. దయచేసి రాళ్ళు పెట్టకండి. మీరు వచ్చేసరికే ఎవరైనా పెట్టి ఉంటే, వెళ్ళేముందు ఒక్కటి కూడా మిగలకుండా తీసి పక్కన పడేయండి. నేను ఎక్కువ పట్టుపట్టే విషయాల్లో ఇదొకటి.

పని చేసేటప్పుడు ట్రాఫిక్ లేని వైపే ఉండండి. ఆగిన బండిని పైకెక్కించుకుని మోసుకెళ్ళే కొత్త ఫ్లాట్‌బెడ్‌లకు చాలావాటికి కంట్రోల్ లీవర్లు రెండు పక్కలా ఉంటాయి, మార్జిన్ వైపువే వాడండి. వ్యాన్‌కీ ఆగిన బండికీ మధ్య నిలబడకండి. ఒక రాత్రి నందిగామ దగ్గర మా హెల్పర్ ఆ సందులో కూర్చుని హుక్ సరిచేస్తున్నాడు. ఎందుకో లేచి నీళ్ళ సీసా కోసం పక్కకు వచ్చాడు. వెనకనున్న కారును ఒక మినీ వ్యాన్ గుద్దింది, కారు వచ్చి మా వ్యాన్‌కి అతుక్కుపోయింది. అతను కూర్చున్న చోట జానెడు ఖాళీ లేదు. అప్పటి నుంచి మా పద్ధతి మారింది. హుక్ తగిలించే ముందు ఒకరు వెనక్కి తిరిగి రోడ్డును చూస్తూ నిలబడతారు. అతనికి వేరే పని చెప్పం. "పక్కకి!" అని అరిస్తే చేతిలో ఉన్నది వదిలేసి పరుగెత్తాలి, ఎందుకని అడగకూడదు.

పైకి చూడండి, తర్వాత కిందికి

క్రేన్ బూమ్ లేపే ముందు, టిప్పర్ తొట్టి దింపే ముందు, పడిపోయిన గడ్డి లారీని లేపే ముందు తల ఎత్తి తీగలు చూడండి. పల్లెదారుల్లో 11 కేవీ లైన్లు వేలాడుతుంటాయి. తీగను తాకాల్సిన పని కూడా లేదు, బాగా దగ్గరికి వెళితే చాలు, కరెంటు దూకుతుంది. పది అడుగుల దూరం తప్పనిసరి. ఆ దూరం దొరకకపోతే 1912కి చేసి లైన్ ఆపించండి. ఆపారని ఎవరో చెప్పిన మాట మీద కాకుండా, లైన్‌మన్ వచ్చి ఎదుట నిలబడి చెప్పాకే బూమ్ లేపండి. రబ్బరు టైర్లు ఉన్నాయి కదా, ఏం కాదులే అనే మాట నమ్మకండి.

బూమ్ తీగకు తగిలిందే అనుకోండి. ఆపరేటర్ క్యాబిన్లోనే కదలకుండా కూర్చోవాలి. మిగతావాళ్ళు ఎవరూ బండినీ, తాడునూ ముట్టుకోకూడదు, దగ్గరికి రాకూడదు. నిప్పంటుకుని దిగక తప్పకపోతే రెండు కాళ్ళూ కలిపి కిందికి దూకాలి. ఒక చెయ్యి బండి మీద, ఒక కాలు నేల మీద పెట్టి దిగకూడదు. దూకాక పాదాలు ఎత్తకుండా నేలకు రాస్తూ దూరంగా జరగాలి.

ఇక కింద. ఏం కారుతోంది? వాసన ఏమిటి? మట్టి ఎలాంటిది? కాలువ కట్టల మీద, నల్లరేగడి నేల మీద వాన పడ్డాక పైన ఎండినట్టు కనపడుతుంది, లోపల బురదే. క్రేన్ కాళ్ళ కింద మందపాటి స్లీపర్ చెక్కలు వేయకుండా బరువు లేపితే ఒక కాలు దిగిపోతుంది, క్రేన్ పక్కకు ఒరుగుతుంది. వ్యవసాయ బావిలో పడిన బండిని తీసేటప్పుడు బావి అంచుకు దగ్గరగా క్రేన్ పెట్టాలనిపిస్తుంది, ఎందుకంటే బూమ్ ఎంత చాపితే క్రేన్ లేపగలిగే బరువు అంత తగ్గుతుంది. కానీ రాతి కట్టడం లేని మట్టి బావి అంచు విరిగి పడుతుంది. దగ్గరికి జరపడం కంటే పెద్ద క్రేన్ తెప్పించడం మేలు. బావిలోకి మనిషిని దింపాల్సి వస్తే అది మన పని కాదు, ఫైర్ సర్వీస్ వాళ్ళ పని. 101కి చేయండి.

బండిని ముందు కదలకుండా చేయండి

హుక్ సంగతి తర్వాత, ముందు అడ్డుచెక్క. చక్రానికి రెండు పక్కలా పెట్టండి. పల్లం ఉన్నచోట ఈ ఒక్క పని మరిచి ఎంతోమంది తమ కాళ్ళు పోగొట్టుకున్నారు.

పెద్ద లారీల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. బ్రేకుల గాలి ఒత్తిడి పోతే వెనక బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి, ఎందుకంటే బ్రేక్ చాంబర్ లోపల బలమైన స్ప్రింగ్ ఉంటుంది. లాగాలంటే ఆ స్ప్రింగ్‌ను బోల్టుతో వెనక్కి బిగించి బ్రేక్ వదిలించాలి. వదిలించిన మరుక్షణం బండికి బ్రేక్ ఉండదు. కాబట్టి అడ్డుచెక్కలు వేశాక, వ్యాన్‌కి కట్టాకే అది చేయండి. యాక్సిడెంట్‌లో సొట్ట పడిన, తుప్పు పట్టిన చాంబర్‌ను అసలు విప్పొద్దు. లోపలి స్ప్రింగ్ మనిషిని చంపేంత బలంతో బయటికి వస్తుంది. అలాగే లారీని చక్రాల మీద దూరం లాగేటప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు బలం అందించే కడ్డీ) విప్పుతాం, అప్పుడు గేరు వేసి ఆపడం కూడా కుదరదని గుర్తుంచుకోండి.

బ్రేకులు కాలి వేడెక్కిన టైరు పక్కకు, అంటే రిమ్ కనపడే వైపు నిలబడకండి. అది పేలితే దెబ్బంతా ఆ పక్కకే వస్తుంది. గుద్దుకున్న కారులో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకుండా మిగిలి ఉంటే, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి కొన్ని నిమిషాలు ఆగాకే స్టీరింగ్ దగ్గర తల పెట్టండి.

తాడు, హుక్, గొలుసు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

బండిని లాగడానికి ఎంత బలం కావాలో చాలామంది కళ్ళతోనే కొలుస్తారు. సైన్యంలో బండ్లు లాగేవాళ్ళు వాడే మోటు లెక్క ఒకటి ఉంది, మనకూ పనికొస్తుంది. చక్రాలు బురదలో మునిగితే బండి మొత్తం బరువంత బలం కావాలి. మడ్‌గార్డు దాకా దిగబడితే దానికి రెట్టింపు. పదిహేను టన్నుల లారీ మడ్‌గార్డు దాకా దిగితే ముప్పై టన్నుల లెక్క. పది టన్నుల విన్చ్‌తో (తాడును డ్రమ్ముకు చుట్టి లాగే యంత్రం) లాగుదాం, చూద్దాం అంటే తాడు తెగుతుంది. ముందు చక్రాల ముందరి బురద పారతో తవ్వండి, లోడు దింపించండి. ఒక గంట పార పని చేస్తే విన్చ్ మీద బలం సగానికి తగ్గవచ్చు. కప్పీ వేసి తాడు తిప్పితే విన్చ్ బలం దాదాపు రెట్టింపు అవుతుంది. కానీ ఆ కప్పీ కట్టిన చోట మీద కూడా రెట్టింపు భారం పడుతుంది, అది గుర్తుపెట్టుకోండి. చెట్టుకు కట్టారా, ఇంకో లారీకి కట్టారా, అది తట్టుకుంటుందా?

విన్చ్ మీద రాసిన బలం డ్రమ్ము మీద మొదటి వరస తాడుకే వర్తిస్తుంది. వరసలు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. అలాగని తాడంతా వదిలేయకూడదు, డ్రమ్ము మీద కనీసం అయిదు చుట్లు మిగలాలి. లేకపోతే చివర ఊడి వచ్చేస్తుంది.

లాగుతున్న వైర్ రోప్ తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. అది కంటికి కనపడదు, తగిలాకే తెలుస్తుంది. తాడుకు సూటిగా ముందూ వెనకా, తాడు మీదుగా, కప్పీ వేసి తాడును మలిపినప్పుడు ఆ మలుపు లోపలి వైపు ఎవరూ ఉండకూడదు. చాచిన తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంలో, పక్కకు నిలబడండి. తాడు మధ్యలో తడిపిన గోనెసంచి వేస్తే తెగినప్పుడు దాని ఊపు కొంత తగ్గుతుంది. అది వేశాం కదా అని దగ్గరికి వెళ్ళడానికి మాత్రం కాదు. తాడు బిగుసుకున్నాక దాన్ని దాటకండి. దాటాలంటే ఆపరేటర్‌ని వదులు చేయమనండి: "అన్నా, వదులు!" అతను వదిలి, చేయి చూపించాకే దాటండి.

హుక్‌ను దాని నోరు పైకి ఉండేలా తగిలించండి. ఊడితే నేల వైపు కొడుతుంది, పైకి రాదు. బండికి కంపెనీ ఇచ్చిన టోయింగ్ కొక్కేనికే కట్టాలి. బంపర్‌కి, స్టీరింగ్ రాడ్‌కి, వెనక ట్రైలర్ తగిలించే గుండ్రటి బంతికి కట్టకండి. ఆ బంతి విరిగితే బుల్లెట్టులా వస్తుంది. ట్రాక్టర్‌తో లాగేవాళ్ళకు ఒక మాట: గొలుసు వదులుగా ఉంచి, ఒక్క ఊపు ఇచ్చి లాగడం చాలా ఊళ్ళలో చూస్తాను. ఆ ఒక్క ఊపులో పడే బలం బండి బరువుకు ఎన్నో రెట్లు. గొలుసు తెగకపోతే ట్రాక్టరే వెనక్కి లేస్తుంది. ముందు బిగుతు చేయండి, తర్వాత మెల్లగా లాగండి.

తాడును రోజూ చేత్తో కాదు, గుడ్డతో తుడుస్తూ చూడండి. తెగిన తీగ పోగులు గుడ్డకు తగులుతాయి. పేట ఒక పూర్తి చుట్టు తిరిగే పొడవులో ఆరు పోగులు తెగి ఉన్నా, ఒకే పేటలో మూడు తెగి ఉన్నా ఆ తాడు పని అయిపోయినట్టే.

రెండు బెల్టులతో ఎత్తేటప్పుడు కోణం చూడండి. బెల్టులు నిటారుగా ఉంటే ఒక్కోదాని మీద సగం బరువే పడుతుంది. బాగా వాలిపోయి, నేలకు 30 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో బెల్టు మీద మొత్తం బరువంత పడుతుంది. పొడవు బెల్టులు వాడితే కోణం నిటారుగా వస్తుంది.

హైడ్రా, అంటే బరువు వేలాడదీసుకుని నడిచే చిన్న క్రేన్ గురించి కూడా చెప్పాలి. మనకు దగ్గర్లో దొరికేది అదే కాబట్టి అన్నిటికీ అదే పిలుస్తాం. బరువు వేలాడదీసుకుని నడుస్తూ మలుపు తిప్పితే దాని మోసే శక్తి తగ్గిపోతుంది, పక్కకు పడిపోతుంది. ముందు నడుస్తూ ఊగే బరువును చేత్తో పట్టుకునే హెల్పర్‌ను ఆపరేటర్ చూడలేడు. చాలా పెద్ద నిర్మాణ కంపెనీలు తమ సైట్లలో హైడ్రా వద్దన్నది ఇందుకే. తప్పనిసరైతే బరువును నేలకు అడుగు ఎత్తులోనే ఉంచి, పక్క నుంచి పొడవాటి తాడుతో పట్టుకోండి. చేత్తో పట్టుకోవద్దు. సైగలు ఒక్కరే చేయాలి. "ఆపు" అనే మాట మాత్రం ఎవరైనా అనవచ్చు, అంటే ఆపాలి.

ట్యాంకర్ పడితే

దూరంగానే ఆగండి, గాలి ఎటు నుంచి వస్తోందో ఆ వైపు నిలబడి చూడండి. ట్యాంకర్ మీద పలక ఉంటుంది, దాని మీద నాలుగంకెల నంబరు. 1203 పెట్రోలు, 1202 డీజిలు, 1075 ఎల్పీజీ, 1005 అమ్మోనియా, 1017 క్లోరిన్. అదే పలక మీద సలహా కోసం ఫోన్ నంబరు కూడా ఉంటుంది. ఆ రెండూ 112కి, 101కి చెప్పండి.

ఎల్పీజీ గాలికంటే బరువైనది. నేలను పట్టుకుని పల్లానికి పాకుతుంది. ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల గ్యాసు అవుతుంది. 2024 డిసెంబరు 20న జైపూర్ దగ్గర భాంక్రోటాలో యూటర్న్ తీసుకుంటున్న ఎల్పీజీ ట్యాంకర్‌ను ట్రక్కు గుద్దింది. గ్యాసు రోడ్డు మీద పరుచుకుని ఒక్కసారిగా అంటుకుంది, ముప్పైకి పైగా బండ్లు కాలిపోయాయి. అలాంటిచోట మన వ్యాన్ ఇంజనే నిప్పురవ్వ. సెల్‌ఫోను, గ్యాస్ కట్టరు, బీడీ, ఏదైనా చాలు. ఫైర్ వాళ్ళు సరే అనేదాకా దగ్గరికి వెళ్ళకండి. ఖాళీ ట్యాంకర్ అంటే భయం లేదనుకోకండి, లోపల మిగిలిన ఆవిరే అంటుకుంటుంది. నూనె, పెట్రోలు పడితే జనం డబ్బాలతో పరుగెత్తుకొస్తారు. పోలీసులు వచ్చేదాకా వాళ్ళను వెనక్కి పంపే పని కూడా మనదే అవుతుంది. ఆ పని చేయడానికి సిగ్గుపడకండి, గట్టిగా అరవండి.

సీఎన్‌జీ దీనికి వ్యతిరేకం, పైకి పోతుంది. కానీ సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడి ఉంటుంది. సొట్టపడిన సిలిండర్ ఉన్న ఆటోను గొలుసుతో కట్టి ఈడ్చకండి.

నీళ్ళలో మునిగినవి, ఎలక్ట్రిక్ బండ్లు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో వేలాది బండ్లు మునిగాయి. అప్పుడు చాలామంది చేసిన తప్పు నీళ్ళు తగ్గగానే తాళం తిప్పి చూడటం. సిలిండర్‌లోకి నీళ్ళు వెళ్ళి ఉంటే ఇంజన్ విరుగుతుంది. మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా ఎత్తి తీసుకెళ్ళాలి. తలుపు తీసేముందు కర్రతో తట్టండి, సీట్ల కింద పాములుంటాయి. పారే నీళ్ళలోకి మాత్రం దిగొద్దు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును కదిలిస్తుంది, రెండడుగులు చాలా బండ్లను తోసుకుపోతాయి. 2023 జులైలో మున్నేరు నీళ్ళు ఐతవరం దగ్గర హైవే ఎక్కి రాకపోకలు ఆపేశాయి. అలాంటిచోట నీళ్ళు తగ్గేదాకా ఆగడమే పని.

ఎలక్ట్రిక్ కారులో నారింజ రంగు కేబుళ్ళు ముట్టుకోకూడదు, కోయకూడదు. దాన్ని చక్రాల మీద లాగకూడదు. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది. నాలుగు చక్రాలూ ఎత్తి ఫ్లాట్‌బెడ్ మీద పెట్టండి. గుద్దుకున్న, మునిగిన బ్యాటరీ కొన్ని గంటలకో, రోజులకో కూడా అంటుకోగలదు. బుసబుసమని శబ్దం, టపటపమని చప్పుడు, తెల్ల పొగ వస్తే వదిలేసి గాలి ఎటు నుంచి వస్తోందో ఆ వైపుకు పరుగెత్తండి, ఆ పొగ విషం. యార్డులో దాన్ని షెడ్డు కింద పెట్టకండి, మిగతా బండ్లకు, గోడలకు 50 అడుగుల దూరంలో ఆరుబయట పెట్టండి.

బయలుదేరాక

తాడుతో లాగుతున్నట్టయితే రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు మించకూడదని నిబంధన. వెనక బండిలో లైసెన్స్ ఉన్న మనిషి స్టీరింగ్ దగ్గర ఉండాలి, లేదా ముందు చక్రాలు నేలకు తగలకుండా ఎత్తి ఉండాలి. వేగం పాతిక దాటనివ్వకండి. ఇంజన్ ఆగితే బ్రేకు, స్టీరింగ్ రెండూ బిగుసుకుంటాయని వెనక కూర్చున్నవాళ్ళకు ముందే చెప్పండి. ఫ్లాట్‌బెడ్ మీద కట్టిన కారులో మనుషులను కూర్చోనివ్వకండి, ఎంత బతిమాలినా సరే. డబ్బుల మాట రోడ్డు మీద పెట్టుకోకండి, మార్జిన్ మీద నిలబడి బేరమాడే పది నిమిషాలు కూడా ప్రమాదమే. బంకులోనో దాబా దగ్గరో మాట్లాడుకోవచ్చు.

మొదటి అయిదారు కిలోమీటర్లలోనే ఒకచోట సురక్షితంగా ఆపి బెల్టులు మళ్ళీ బిగించండి, గతుకుల్లో అవి తప్పకుండా వదులవుతాయి. యార్డులో సమతలం మీదే దింపండి. తర్వాత నిద్ర ముంచుకొస్తున్నా సరే, ఆ రాత్రి వాడిన తాడు, బెల్టులు ఒకసారి వెలుగులో చూడండి. పనికిరాదని తేలిన బెల్టును మూలన పడేయకుండా రెండు ముక్కలుగా కోసేయండి. మూలన ఉంటే వచ్చే వారం తొందరలో ఉన్న హెల్పర్ ఎవరో దాన్నే తీసుకెళ్తాడు.